బాపు గారి చేతివ్రాత



పోయిన ఏడాది మా తమ్ముడు కంపెనీ పని మీద చైనా వెళ్లి వచ్చాడు. వచ్చేటప్పుడు నాకేదో తెస్తాడనుకుంటే, ఒక కాగితపు చుట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. విప్పి చూద్దును గదా, బారెడు పొడుగుంది. దాని నిండా నల్లసిరాతో, పైనుంచి కిందికి చీమల బారుల్లా అక్షరాలు. నడుమ నడుమ ఎర్రటి ముద్రలు. అక్కడక్కడ దిద్దుళ్లు, కొట్టివేతలు కూడాను. “ఏమిట్రా ఇది, కొట్టివేతలున్న కాగితం కొనుక్కొచ్చావు!” అన్నాను. “అక్కా, అది ఆ దేశంలో అన్నిటికన్నా గొప్ప చేతివ్రాత అని పేరు. దాని అచ్చు నకలు” అన్నాడు. సరే, అభిమానంగా తెచ్చాడు గదా అని హాల్లో గోడకి తగిలించాను. పక్కవాటా పిన్నిగారు కాఫీపొడికని వచ్చి, దాన్ని కాసేపు ఎగాదిగా చూసి, “ఇదేమిటమ్మాయ్, చాకలి పద్దులా ఉందీ!” అన్నారు.

ఆవిడ ఎగతాళికే అన్నా, ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆ కాగితం వెనక ఉన్న కథ ముందు వినండి. దాన్ని వ్రాసినాయన పేరు వాంగ్ షీజీ. సుమారు 303లో పుట్టి 361లో పోయాడు. సర్కారు కొలువులో పెద్ద ఉద్యోగి. 353వ సంవత్సరం వసంతకాలంలో ఒకనాడు, ఇప్పటి షావోషింగ్ పట్నం దగ్గర, నలభై మందికి పైగా స్నేహితులూ బంధువులూ ఒక సెలయేటి ఒడ్డున చేరారు. ఏటిలో మద్యం పోసిన గిన్నెలు వదిలేవారు. గిన్నె ఎవరి ముందు ఆగితే వారు పద్యం చెప్పాలి, చెప్పలేకపోతే గిన్నె ఖాళీ చెయ్యాలి. మన కార్తీక వనభోజనాల్లో అంత్యాక్షరి లాంటిదన్నమాట, మద్యం సంగతి పక్కన పెడితే! ఆ పద్యాలన్నిటికీ ముందుమాటగా వాంగ్ షీజీ అప్పటికప్పుడు కుంచె పట్టి 28 వరుసలు, 324 అక్షరాలు వ్రాశాడు. నా గోడ మీద ఉన్నది ఆ ముందుమాటే.

అందులో ఏమిటంత గొప్ప అంటే, తెలిసినవాళ్లు మొట్టమొదట చెప్పే సంగతి ఒకటుంది. అందులో ‘జీ’ అనే చిన్న అక్షరం, మన ‘యొక్క’ వంటిది, 20 సార్లు వస్తుంది. ఇరవై సార్లూ ఇరవై రకాలుగా ఉంటుంది. ఒకటి కూర్చున్నట్టు, ఒకటి పరుగెత్తినట్టు, ఒకటి వెనక్కి తిరిగి చూసినట్టు. కావాలని అలా వ్రాశాడో, చెయ్యి దానంతటదే అలా పోయిందో గాని, ఒక అక్షరాన్ని రెండోసారి అలాగే వ్రాయలేదు.

ఆయనకి బాతులంటే మహా ఇష్టమట. బాతు మెడ తిప్పే ఒడుపు చూసి మణికట్టు తిప్పడం నేర్చుకున్నాడని ఐతిహ్యం. ఇంకొక సంగతి మనకు దగ్గరిది. ఆయనకి చిన్నప్పుడు వ్రాత నేర్పిన గురువు ఒక స్త్రీ. వేయ్ అమ్మగారని చెప్పుకుంటారు. 272 నుంచి 349 దాకా బ్రతికిన మనిషి. శిష్యుడి ఖ్యాతి నీడలోనే అయినా, పదిహేడువందల ఏళ్ల తర్వాత కూడా ఆవిడ పేరు నిలిచింది. మన దగ్గర ఆ మాత్రం నిలిచిన ఆడవారి చేతివ్రాతలు ఎన్నున్నాయి చెప్పండి?

మూడువందల ఏళ్లు గడిచాక టాంగ్ వంశపు చక్రవర్తి టైజోంగ్‌కి ఈ వ్రాత మీద మోజు పుట్టింది. ఒక ముసలి సన్యాసి దగ్గర ఉన్న అసలు ప్రతిని మనిషిని పంపి మాయమాటలతో కాజేయించాడని చెబుతారు. ఆస్థాన లేఖకుల చేత దాని మీద పల్చని కాగితం పరిచి, అంచులు గీసి, లోపల సిరా నింపి నకళ్లు తీయించాడు. 649లో తను పోయినప్పుడు అసలుని తనతోపాటు సమాధిలో పెట్టించుకున్నాడట. మొత్తానికి అసలు ప్రతి మళ్లీ ఎవరి కంటా పడలేదు. లోకానికి మిగిలినవి నకళ్లే. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇదంతా మా తమ్ముడు చెబుతుంటే, “మనకీ ఉన్నారురా అలాంటాయన, మన గోదావరి వారే” అన్నాను. మీకీపాటికి తట్టే ఉంటుంది. బాపు గారు.

“బాపు బొమ్మ అంటారు గాని బాపు వ్రాత అంటారా?” అంటారేమో. అంటారండీ. బాపు గారి బొమ్మ కింద సంతకం లేకపోయినా పోల్చుకుంటాం. బొమ్మే లేకపోయినా, రెండక్షరాలు చూసి ఇది ఆయన చెయ్యి అని చెప్పేయగలం. తెలుగుదేశంలో ఇంకెవరి చేతివ్రాతకి ఉంది ఆ గుర్తింపు? నా మటుకు నాకు ఆయన బొమ్మల కన్నా అక్షరాలే ఎక్కువ ఇష్టం. ఈ మాట అంటే మా ఇంట్లో కోపాలొస్తాయి. వచ్చినా సరే. ఆయన గీసిన అమ్మాయిల జడ మనకెటూ రాదు, ఆ కళ్లూ రావు. కాని ఆయన అక్షరం చూసి దిద్దుకోవచ్చు. దిద్దుకున్న వాళ్లని ఎరుగుదును కనుక చెబుతున్నాను.

బాపు గారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. నరసాపురం అంటే లేసు అల్లికల ఊరు గదా. ఆయన తలకట్టు చూసినప్పుడల్లా నాకు ఆ లేసు అల్లే సూది కొసనున్న కొక్కెమే జ్ఞాపకం వస్తుంది. ఇది కేవలం నా ఊహ సుమండీ. చదువంతా మద్రాసులోనే. అక్కడి బళ్లోనే ముళ్లపూడి వెంకటరమణ గారితో స్నేహం కలిసింది. ఆయన 1931లో ధవళేశ్వరంలో పుట్టినవారు. ఒక ఒడ్డు ఆయనదీ, ఒక ఒడ్డు ఈయనదీ. ఇద్దరూ కలిసింది మాత్రం గోదారి లేని మద్రాసులో. బాపు గారు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లా పట్టం పుచ్చుకున్నారు. నల్లకోటు వేసుకుంటారనుకుంటే, ఆంధ్రపత్రికలో కార్టూన్లు గీయడానికి వెళ్లారు. ప్రకటనల కంపెనీలో కూడా పనిచేశారు. 1956, 57 సంవత్సరాల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో రమణ గారు ‘బుడుగు’ వ్రాస్తే, దానికి బొమ్మలు ఈయనవి. మీలో చాలామంది ఇళ్లల్లో ఆ పుస్తకం అట్ట ఊడిపోయి ఉండే ఉంటుంది.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో అచ్చంటే సీసపు అక్షరాలు. ఒక్కొక్కటీ ఏరి పేర్చాలి. కథకి పెద్దగా, అందంగా పేరు పెడదామంటే అచ్చాఫీసులో అన్ని రకాల పెద్ద అక్షరాలు ఉండేవి కావు. అంచేత ఆర్టిస్టు చేతనే బొమ్మతోపాటు కథ పేరు కూడా వ్రాయించి, దాన్ని బ్లాకు చేయించి అచ్చు వేసేవారు. అలా వారవారం కథకొక పేరు, సీరియల్‌కొక పేరు, పండుగ సంచికకొక అట్ట. అక్షరం మీద అక్షరం పడుతూ ఉండగా ఆ చెయ్యి తయారైంది.

మన అక్షరాల పుట్టుక కూడా చూడండి. తాటాకు మీద గంటంతో వ్రాసిన లిపి మనది. ఆకు ఈనె వెంట అడ్డగీత గట్టిగా గీస్తే చీరుకుపోతుంది. అందుకే మన అక్షరాలు గుండ్రం తిరిగాయని పెద్దలు చెబుతారు. గంటంతో గీరిన గీత అంతా ఒకే లావు. పైన మసి రాసి తుడిస్తే గీతలో నలుపు నిలుస్తుంది. మన రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాటాకు ప్రతులున్నాయి, వీలైతే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఆ ప్రతులు వ్రాసిన లేఖకులు చివర్లో ఒక మాట వ్రాయడం ఆనవాయితీ. నడుమూ, వీపూ, మెడా విరిగేలా కష్టపడి వ్రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. పిండివంటలు చేసిన రాత్రి మనం అనుకునే మాటే! తర్వాత అచ్చు వచ్చింది. 1740ల్లోనే జర్మనీలోని హాలే పట్నంలో షుల్జ్ అనే ఫాదిరీ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చులోనూ మన అక్షరం గుండ్రంగానే ఉండిపోయింది. నీటుగా, తలకట్టు సవరించుకుని, బళ్లో మొదటి బెంచీ పిల్లలా.

ఆ పిల్ల జడ విప్పి పరుగెత్తించినవారు బాపు గారు. కుంచె నొక్కినచోట లావు, ఎత్తినచోట సన్నం. తలకట్టు అక్షరానికి అతుక్కుని బుద్ధిగా కూర్చోదు, ఎగిరి వచ్చి వాలిన పిట్టలా ఉంటుంది. వరుసలో అన్నీ ఒకే ఎత్తున నిలబడవు. ఒకటి కాస్త వంగుతుంది, పక్కది దానికి చోటిస్తుంది. చదవడానికి మాత్రం ఎక్కడా తడుముకోనక్కరలేదు. అక్షరం ఎంత ఆడినా అర్థం చెడదు. అది తేలికనుకుంటున్నారా? ఓసారి వ్రాసి చూడండి. వంకర వ్రాయడం అందరికీ వచ్చు, వంకరలో లక్షణం తప్పకుండా ఉండడమే కష్టం. ముగ్గు వేసేవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కరలేదు. చుక్కలు పెట్టి కలిపే ముగ్గు ఒకటి, చుక్కలు లేకుండా చేత్తో వదిలే మెలిక ఒకటి. రెండోది వెయ్యగలిగినావిడ మొదటిది ఎన్నివందలు వేసి ఉంటుందో మనకి తెలుసు.

సినిమాల సంగతి మీకందరికీ తెలిసిందే. 1967లో మొదటి సినిమా ‘సాక్షి’ని మన గోదావరి గట్టున పులిదిండిలో తీశారు. 1973లో ‘అందాల రాముడు’ గోదారి మీద లాంచీలోనే నడిచింది. 1975 నాటి ‘ముత్యాల ముగ్గు’ జాతీయ బహుమతి తెచ్చుకుంది. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా బాపు రమణలిద్దరూ బడిపిల్లల కోసం వీడియో పాఠాలు కూడా తీశారు. 2011 ఫిబ్రవరిలో రమణ గారు పోయారు. ఆ ఏడే ‘శ్రీరామరాజ్యం’ విడుదలైంది, బాపు గారి చివరి సినిమా అదే. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న మద్రాసులో బాపు గారు వెళ్లిపోయారు. ఇంత పని చేసిన మనిషి నోరు విప్పి మాట్లాడింది బహు తక్కువ. మాటలన్నీ రమణ గారికి వదిలేసేవారని అంటారు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను.

మా అమ్మ అయిదో తరగతితో బడి మానేసింది. మాన్పించారు అనాలి. పదిహేడో ఏట కోనసీమలో లంక ఊరికి కాపురానికి వచ్చింది. ఇంటికి వారపత్రిక వచ్చేది. మామగారు చదివి, మరుదులు చదివి, చివరికి వంటింట్లోకి వచ్చేసరికి శనివారం అయ్యేది. అమ్మ కథలు చదవడం కన్నా ముందు కథల పేర్లు చూసేది. పుల్లకి దూది చుట్టి, సిరాబుడ్డిలో ముంచి, పాత క్యాలెండరు కాగితాల వెనక ఆ పేర్లు దిద్దేది. కుంచె అనేది ఒకటుంటుందనీ, కొట్లో దొరుకుతుందనీ ఆవిడకి తెలీదు. తెలిసినా ఎవర్ని అడుగుతుంది? అలా దిద్దగా దిద్దగా బాపు గారి అక్షరం చేతిలోకి వచ్చి, కొన్నాళ్లకి అది బాపు గారిదీ కాకుండా, అమ్మది అయిపోయింది.

ఊళ్లో పెళ్లి వస్తే పందిట్లో రంగుకాగితం మీద దూదితో అంటించే పేర్లకి కొలత వేసి ఇచ్చేది అమ్మే. శ్రీరామనవమి పందిరికి గుడ్డ మీద పేరు వ్రాసేది అమ్మే. చూసినవాళ్లు “ఎవరండీ వ్రాసిందీ, బాపు గారిలా ఉందే!” అని అడిగితే, మా తాతగారు “మా పెద్దాడండి” అనేవారు. పెద్దాడంటే మా నాన్నగారు. ఆయన వ్రాత ఎలా ఉండేదంటే, పోస్టుమేన్ కూడా ఉత్తరం తెచ్చి ఇచ్చి ఎవరికో చెప్పమని అడిగేవాడు. తాతగారు చెడ్డవారేం కాదు. కోడలు పేరు నలుగురిలో చెప్పడం ఆయనకి మర్యాదగా తోచలేదు, అంతే. అమ్మ తలుపు చాటునుంచి వినేదట. వేయ్ అమ్మగారి కథ తమ్ముడు చెప్పినప్పుడు నాకు ముందు గుర్తుకొచ్చింది ఆ తలుపే.

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. అప్పుడు నేను బాగా చిన్నపిల్లని. నాన్నగారి భుజం మీద కూర్చుని పడవ ఎక్కడం ఒక్కటే లీలగా జ్ఞాపకం. నీరు తీశాక వచ్చి చూస్తే, అమ్మ ట్రంకు పెట్టెలో దాచుకున్న కాగితాలన్నీ ఒకే నీలం ముద్ద అయిపోయాయి. దిద్దిన పేర్లు, పుట్టింటికి వ్రాసి పోస్టు చెయ్యని ఉత్తరాలు, పచ్చళ్ల కొలతల పుస్తకం, అన్నీను. అమ్మ ఆ ముద్దని పెరట్లో జామచెట్టు మొదట్లో వేసి వచ్చి పొయ్యి అలుక్కుంది. ఆ తర్వాత పందిళ్లకి వ్రాయమని ఎవరొచ్చినా చెయ్యి నొప్పి అనేది. అప్పటికి ముప్పై అయినా లేని మనిషి.

మొన్న మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి చేశాం. శుభలేఖలు వేయించడానికి రాజమండ్రిలో ఒక ప్రెస్సుకి వెళితే, అక్కడ కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని, “బాపు ఫాంటు పెట్టేదా ఆంటీ?” అన్నాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. పెట్టమన్నాను. తెర మీద మా అమ్మాయి పేరు బాపు గారి అక్షరాల్లో వచ్చింది. రెండు నిమిషాలు చూసేసరికి ఏదో వెలితి అనిపించింది. ‘కళ్యాణ’లో ‘క’, ‘కుమారి’లో ‘క’, ‘కనుక’లో రెండు ‘క’లూ, అన్నీ ఒకే ‘క’. కవల పిల్లలకైనా తేడా ఉంటుంది, వీటికి లేదు. ఆయన వ్రాసి ఉంటే రెండో ‘క’ మొదటిదాన్ని చూసి కాస్త పక్కకి జరిగేది గదా అనిపించింది.

అలాగని ఫాంటుని తీసిపారేయడం న్యాయం కాదని ఇంటికి వచ్చాక ఆలోచించుకున్నాను. టైజోంగ్ చక్రవర్తి అంచులు గీయించి సిరా నింపించిన నకళ్లూ అలాంటివే గదా. ఆ లేఖకులకి సొంత చెయ్యి కలపడానికి వీలు లేదు. అయినా అవే లేకపోతే ఇవాళ నా గోడ మీద ఆ చుట్ట లేదు. బాపు గారు పోయాక ఆ అక్షరం శుభలేఖల్లో, గృహప్రవేశాల కార్డుల్లో, కొట్టు బోర్డుల్లో ఊరూరా తిరుగుతోందంటే ఫాంటు పుణ్యమే. కాకపోతే ఫాంటు చూసి అది బాపు గారి వ్రాత అని పిల్లలకి చెప్పకండి. పాత పుస్తకం అట్ట చూపించి చెప్పండి. శుభలేఖ అలాగే ఉంచాం, కవర్ల మీద పేర్లు మాత్రం నేనూ అమ్మాయీ కూర్చుని చేత్తో వ్రాశాం. మూడువందల యాభై కవర్లు. మెడ పట్టేసింది. తాటాకు లేఖకుల మాట నిజమే!

అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆవిడ చేతివ్రాత ఏదీ మిగల్లేదనే అనుకున్నాను. లంకలో ఇల్లు అమ్మేటప్పుడు సామాను సర్దుతుంటే, గోడ బీరువా తలుపు లోపలివైపు, వరద నీటి చార పైన, పెన్సిలు గీతలు కనపడ్డాయి. చాకలి పద్దు. వారాల వారీగా దుప్పట్లు 2, పంచెలు 4, లంగాలు 3, తువ్వాళ్లు 5 అని. ఎవరూ చూడరనుకున్న చోట, ఎవరికోసమూ కాకుండా వ్రాసుకున్నది. ఆ తలుపు నాకు కావాలంటే ఇల్లు కొన్నాయన వడ్రంగిని పిలిచి ఊడదీయించి ఇచ్చారు. ఇప్పుడది మా హాల్లో చైనా చుట్ట పక్కనే గోడకి ఆనించి ఉంది. పిన్నిగారు ఈసారి వస్తే నిజం చాకలి పద్దు ఏదో ఆవిడకి చూపించాలి.

మొన్న మధ్యాహ్నం పని అయ్యాక దాని ముందు పీట వేసుకు కూర్చుని లెక్కపెట్టాను. ‘దుప్పట్లు’ అని తొమ్మిది చోట్ల వ్రాసింది. తొమ్మిదింటిలోనూ ‘దు’ ఒకలాగా లేదు.